ర్యాంకుకూ సీటుకూ మధ్య

ఇంటర్ తర్వాత ఏ కోర్సులో చేరాలన్నా ముందు ఎదురయ్యేవి అంకెలే. మార్కులు, పర్సంటైల్, ర్యాంకు, కటాఫ్... ఇందులో ఏది ఎక్కడ పనికొస్తుందో తెలియక, అందాల్సిన సీటును పోగొట్టుకుంటున్న కుటుంబాలు ఏటా ఉంటూనే ఉన్నాయి. ఆ అంకెల లెక్కను విడమరిచి చెప్పడానికే ఈ వారం ముఖచిత్ర కథనం.

2025 నీట్‌లో 12 లక్షల మందికి పైగా అర్హత సాధించారు. ఆ ఏడాది దేశం మొత్తమ్మీద ఎంబీబీఎస్ సీట్లు లక్షా ఇరవై వేల ప్రాంతంలో ఉన్నాయి. అంటే అర్హుల జాబితాలో పేరున్న ప్రతి పదిమందిలో దాదాపు తొమ్మిది మందికి ఎంబీబీఎస్‌లో చోటు లేదు. అయినా ఫలితాలొచ్చిన రోజున ‘మావాడు క్వాలిఫై అయ్యాడు’ అన్న ఒక్క మాటకే ఎన్నో ఇళ్లలో మిఠాయిలు పంచుతారు. కౌన్సెలింగ్ మొదలయ్యాక అదే ఇంట్లో ‘క్వాలిఫై అయినా సీటెందుకు రాలేదు?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లుండరు.

దీనికి తలకిందులుగా జరిగేవీ ఉన్నాయి. జేఈఈ మెయిన్‌లో మంచి పర్సంటైల్ తెచ్చుకుని, ఇంటర్‌లో 75 శాతం లేక ఎన్ఐటీ గుమ్మం దగ్గరే ఆగిపోయే పిల్లలుంటారు. సర్టిఫికెట్ పాతదైపోవడంతో ఓబీసీ నుంచి జనరల్ కేటగిరీలోకి వెళ్లిపోయేవాళ్లుంటారు. వెబ్ ఆప్షన్ల వరుస తారుమారు చేసి, తమ ర్యాంకుకు వచ్చే కాలేజీని చేజేతులా కిందికి తోసుకునేవాళ్లుంటారు. వీళ్లెవరికీ చదువు తక్కువ కాలేదు. నిబంధన తెలియలేదంతే.

డిగ్రీ స్థాయి ప్రవేశంలో నాలుగు దశలుంటాయి: అర్హత, స్కోరు, ర్యాంకు, సీటు. ఒక్కో దశకు నియమాలు వేరు. మన ఇళ్లలో, వీధుల్లో, బంధువుల ఫోన్లలో మాట్లాడుకునేది మూడోదాని గురించే. సీటు మాత్రం నాలుగూ కుదిరితేనే వస్తుంది.

ముందు అర్హత సంగతి

‘ఎంట్రన్స్ బాగా రాస్తే చాలు, ఇంటర్ మార్కులెవరు చూస్తారు?’ అన్న మాట కోచింగ్ కేంద్రాల చుట్టూ బాగా వినిపిస్తుంది. ఇది పిల్లల్ని దారి తప్పించే మాట. ప్రతి పరీక్ష వెనకా ఇంటర్ మార్కుల షరతు ఒకటి ఉంటుంది.

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈఏపీసెట్ ద్వారా బీటెక్‌లో చేరాలంటే ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల్లో ఓసీ విద్యార్థులకు 45 శాతం, రిజర్వుడ్ కేటగిరీల వారికి 40 శాతం మార్కులుండాలి. ఎంత మంచి ర్యాంకు వచ్చినా ఈ షరతు తప్పదు. ఎన్ఐటీలు, ట్రిపుల్ ఐటీలు, ఐఐటీల్లో చేరాలంటే ఇంటర్‌లో 75 శాతం (ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 65 శాతం) ఉండాలి, లేదా తమ బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో నిలవాలి. బిట్స్ పిలానీకి బిట్‌శాట్ రాసేవారికి ఎంపీసీ మొత్తంలో 75 శాతంతో పాటు మూడు సబ్జెక్టుల్లో ఒక్కోదానిలో కనీసం 60 శాతం కావాలి. నీట్ రాసే బైపీసీ విద్యార్థికి ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్ కేటగిరీలో 50 శాతం, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీల్లో 40 శాతం ఉండాలి. హైదరాబాద్‌లోని నల్సార్, విశాఖలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో చేరడానికి రాసే క్లాట్‌కు ఇంటర్‌లో 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం అవసరం.

ఇంకొన్నిచోట్ల మార్కులతో పాటు సబ్జెక్టులూ చూస్తారు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బీఏ ఆనర్స్ ఎకనామిక్స్ చదవాలనుకునే విద్యార్థి కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి పరీక్ష సీయూఈటీలో గణితం రాసి ఉండాలి. ఆ పరీక్షలో రాసే సబ్జెక్టులు కూడా పన్నెండో తరగతిలో చదివినవై ఉండాలన్నది ఆ విశ్వవిద్యాలయ నియమం. పదో తరగతి అయిపోగానే గ్రూపు ఎంచుకునేటప్పుడు ఈ సంగతి ఆలోచించేవాళ్లు తక్కువ. రెండేళ్ల తర్వాత తెరుచుకోవాల్సిన తలుపులు కొన్ని ఆ రోజే మూతపడతాయి.

మార్కులు కాస్తలో తగ్గినవారికి దారి లేకపోలేదు. రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులూ అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీతో పాటు ఇంప్రూవ్‌మెంట్ రాసే వీలు కల్పిస్తున్నాయి. 75 శాతానికి రెండు మూడు మార్కుల దూరంలో ఆగినవారు ఆ అవకాశాన్ని వదులుకోకూడదు. ఫీజు గడువు ఫలితాలొచ్చిన కొద్దిరోజులకే ముగుస్తుంది కాబట్టి మార్కుల మెమో చూసిన వెంటనే శాతం లెక్కవేసుకోవాలి.

పర్సంటైల్ వేరు, మార్కుల శాతం వేరు

జేఈఈ మెయిన్ ఫలితంలో మార్కులకు బదులు ఏడు దశాంశ స్థానాల పర్సంటైల్ ఇస్తారు. దాన్ని చూసి ‘95 వచ్చింది, ఎన్ఐటీ ఖాయం’ అనుకునేవాళ్లు చాలామంది. 95 పర్సంటైల్ అంటే మీ పిల్లవాడితో పాటు ఆ పూట పరీక్ష రాసిన ప్రతి వందమందిలో 95 మంది అతనితో సమానంగానో, అంతకన్నా తక్కువగానో మార్కులు తెచ్చుకున్నారని అర్థం. మిగిలిన అయిదుగురు అతనికంటే ముందున్నారు. వందమందిలో అయిదుగురు అంటే చిన్న సంఖ్యే అనిపిస్తుంది. రాసినవాళ్లు వందమంది అయితే కదా!

2025లో జేఈఈ మెయిన్ పేపర్-1 రాసినవారు సుమారు 14.75 లక్షలు. అంత జనంలో ఒక్క పర్సంటైల్ అంటే 14,750 మంది. 99 పర్సంటైల్ తెచ్చుకున్న విద్యార్థి దేశంలో దాదాపు 14,750వ ర్యాంకు దగ్గర ఉంటాడు. 95 అయితే 73 వేలు దాటుతుంది. 90 అయితే లక్షా 47 వేల దాకా వెళుతుంది. వందలోంచి పర్సంటైల్ తీసేసి, మిగిలినదాన్ని రాసినవారి సంఖ్యతో గుణించి వందతో భాగిస్తే ర్యాంకు ఎంతో ఉజ్జాయింపుగా తెలిసిపోతుంది. ఈ లెక్కకు ఏ కన్సల్టెంటూ అక్కర్లేదు.

మార్కులకు బదులు పర్సంటైల్ ఇవ్వడానికి కారణముంది. పరీక్ష చాలా రోజులు, రోజుకు రెండు పూటలు జరుగుతుంది. ఒక పూట పేపర్ కష్టంగా, మరో పూట తేలిగ్గా రావచ్చు. తేలిక పేపర్‌లో 180 తెచ్చుకున్న విద్యార్థి, కష్టమైన పేపర్‌లో 160 తెచ్చుకున్నవాడికంటే గొప్ప అని చెప్పలేం. అందుకే ఏ పూట రాసినవారిని ఆ పూట రాసినవారితోనే పోలుస్తారు. ప్రతి పూటలో అందరికన్నా ఎక్కువ మార్కులు వచ్చినవారికి 100 పర్సంటైల్ పడుతుంది.

నీట్ అర్హతలోనూ ఈ అయోమయం ఉంది. జనరల్ కేటగిరీకి 50 పర్సంటైల్ అర్హత అంటే 720లో సగం, 360 మార్కులు అనుకుంటారు. 2025లో ఆ 50 పర్సంటైల్ పడింది 144 మార్కుల దగ్గర. అంతకుముందు ఏడాది, 2024లో 162 దగ్గర. రాసినవారిలో సరిగ్గా మధ్యన నిలిచిన విద్యార్థి మార్కులు పేపర్‌ను బట్టి మారతాయి కాబట్టి అర్హత మార్కూ మారుతుంది. కౌన్సెలింగ్‌కు దరఖాస్తు చేసుకోవడానికి మాత్రమే ఆ మార్కు పనికొస్తుంది. ప్రభుత్వ కాలేజీలో ఎంబీబీఎస్ సీటు రావాలంటే అంతకంటే చాలా ఎక్కువ మార్కులు కావాలి.

కటాఫ్ పెరిగితే పిల్లలు తగ్గినట్టా?

జేఈఈ అడ్వాన్స్‌డ్ (ఐఐటీల ప్రవేశ పరీక్ష) రాయడానికి మెయిన్‌లో జనరల్ కేటగిరీ కటాఫ్ 2023లో 90.77 పర్సంటైల్. 2025కి అది 93.10 అయింది. ‘పోటీ పెరిగింది, పిల్లలు ఇంకా కష్టపడాలి’ అన్న వ్యాఖ్యానాలు అప్పుడు చాలా వచ్చాయి. అసలు కారణం లెక్కలో ఉంది. అడ్వాన్స్‌డ్‌కు ఎంపికయ్యేది దాదాపు రెండున్నర లక్షల మంది. అందులో రిజర్వేషన్లు పోను ఓపెన్ కేటగిరీకి దక్కేది లక్ష పైచిలుకు. 2023లో మెయిన్ రాసినవారు సుమారు 11.13 లక్షలు, 2025లో సుమారు 14.75 లక్షలు. లోపలికి తీసుకునే సంఖ్య కదలకుండా ఉండి, బయట వరుస పొడవు పెరిగినప్పుడు కటాఫ్ పర్సంటైల్ తప్పనిసరిగా పైకి జరుగుతుంది. ఏ ఒక్క విద్యార్థి ప్రతిభా అందులో తరిగిపోలేదు.

ఇది అర్థమైన తల్లిదండ్రులు కూతురినో కొడుకునో ‘నిరుడు 91కే వచ్చిందట, నీకు 92 వచ్చినా రాలేదేం?’ అని అడగరు. అడగకూడదు కూడా.

రెండు రాష్ట్రాలు, రెండు లెక్కలు

1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఎంసెట్ ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో రెండు పరీక్షలైంది. మెడిసిన్ నీట్‌కు వెళ్లిపోయాక పేరూ మారింది: ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి, తెలంగాణలో 2024 నుంచి ఈఏపీసెట్ అంటున్నారు. ఇంజినీరింగ్ విభాగంలో రెండుచోట్లా 160 ప్రశ్నలు, 160 మార్కులు. గణితానికి 80, ఫిజిక్స్‌కు 40, కెమిస్ట్రీకి 40. తప్పు జవాబుకు మార్కు కోత లేదు. అర్హతకు 25 శాతం, అంటే 40 మార్కులు కావాలి. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కు షరతు లేదు.

ఇంతవరకూ ఒకటే. ర్యాంకు కట్టే దగ్గర దారులు చీలాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఈఏపీసెట్ మార్కులకు 75 శాతం, ఇంటర్ గ్రూపు మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇచ్చి ర్యాంకు నిర్ణయిస్తారు. తెలంగాణ 2023 నుంచి ఇంటర్ వెయిటేజీని తీసేసింది. అక్కడ ఈఏపీసెట్ మార్కులే ర్యాంకు.

తేడా ఎంతో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక విద్యార్థికి ఈఏపీసెట్‌లో 100 మార్కులు, ఇంటర్ గ్రూపులో 95 శాతం ఉన్నాయనుకుందాం. ఇంకో విద్యార్థికి ఈఏపీసెట్‌లో 105, ఇంటర్‌లో 80 శాతం. తెలంగాణ లెక్కలో 105 వచ్చినవాడిదే ముందు వరుస. ఆంధ్రప్రదేశ్ లెక్కలో మొదటి విద్యార్థికి 46.87, 23.75 కలిపి 70.62 వస్తుంది. రెండో విద్యార్థికి 49.22, 20 కలిపి 69.22 వస్తుంది. అక్కడ ఇంటర్ బాగా చదివినవాడు ముందుంటాడు. ఆ 1.40 తేడాలో వందల ర్యాంకులు ఉండొచ్చు. ఏ రాష్ట్రంలో సీటు కోరుతున్నారో ఆ రాష్ట్రపు లెక్కను బట్టే రెండేళ్ల చదువును పంచుకోవాలి.

ఈఏపీసెట్ కూడా పలు పూటల్లో జరిగేదే. అందుకే ‘కీ’ చూసి లెక్కవేసుకున్న మార్కులు, ర్యాంకు కార్డు మీద కనిపించే మార్కులు ఒకటిగా ఉండవు. ఆ పూట సగటు మార్కులు, పైవరుసలో ఉన్నవారి మార్కులు చూసి సర్దుబాటు చేస్తారు. నార్మలైజేషన్ అంటే ఇదే. ‘మావాడికి నాలుగు మార్కులు తగ్గించారు’ అన్న అనుమానం ఏటా వింటుంటాం. కష్టమైన పూట రాసినవారికి అదే లెక్కలో మార్కులు కలుస్తాయి కూడా.

చివరి ర్యాంకును ఎవరూ పెట్టరు

కటాఫ్ అన్న మాట వినగానే కాలేజీవాళ్లు ముందే ఒక గీత గీస్తారని అనుకుంటాం. నీట్ అర్హత, జేఈఈ అడ్వాన్స్‌డ్ అర్హత వంటివి అలా ముందు గీసే గీతలే. కాలేజీ కటాఫ్ మాత్రం ఎవరూ గీసింది కాదు. ఆ కాలేజీలో, ఆ బ్రాంచిలో, ఆ కేటగిరీలో ఆఖరి సీటు తీసుకున్న విద్యార్థి ర్యాంకే ఆ ఏడాది కటాఫ్. సీట్లు నిండాక గానీ అది పుట్టదు. అందుకే నిరుటి చివరి ర్యాంకు ఈ ఏటికి అంచనా అవుతుంది తప్ప హామీ కాదు. సీట్లు పెరిగితే చివరి ర్యాంకు దూరం జరుగుతుంది. సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించి కంప్యూటర్ సైన్స్‌కు పెంచుకున్న కాలేజీల్లో ఆ మార్పు కళ్లెదుటే కనిపిస్తుంది.

చివరి ర్యాంకుల పట్టికలు ఉచితంగానే దొరుకుతాయి. రెండు రాష్ట్రాల ఈఏపీసెట్ కౌన్సెలింగ్ వెబ్‌సైట్లలో కాలేజీవారీగా, కేటగిరీవారీగా, అబ్బాయిలకూ అమ్మాయిలకూ విడివిడిగా ఉంటాయి. ఐఐటీలు, ఎన్ఐటీల సీట్లు పంచే జోసా కూడా రౌండు రౌండుకూ ఓపెనింగ్, క్లోజింగ్ ర్యాంకులు ప్రకటిస్తుంది. ఈ పట్టికల్ని చదివేటప్పుడు నాలుగు విషయాలు సరిచూసుకోవాలి: ఏ విడత, ఏ కేటగిరీ, ఏ ప్రాంతం, అమ్మాయిలకా అబ్బాయిలకా.

ఒక ముఖ్యమైన తేడా దగ్గర చాలామంది పొరబడతారు. ఈఏపీసెట్ పట్టికలో బీసీ-బి గడిలో 18,000 అని ఉంటే అది అందరికీ కలిపి ఇచ్చిన రాష్ట్ర ర్యాంకు. జోసా పట్టికలో ఓబీసీ గడిలో 3,000 అని ఉంటే అది ఓబీసీ విద్యార్థుల్లో మాత్రమే లెక్కించిన కేటగిరీ ర్యాంకు. ఓబీసీ విద్యార్థి తన ఆలిండియా ర్యాంకును ఆ మూడు వేలతో పోల్చుకుంటే వచ్చే సీటును రాదనుకుని ఆప్షన్ పెట్టకుండా వదిలేస్తాడు. ర్యాంకు కార్డు మీద రెండు ర్యాంకులూ ఉంటాయి. పోల్చాల్సింది కేటగిరీ ర్యాంకుతో.

తెలంగాణలో ర్యాంకుకు ఇంకో పని కూడా ఉంది. ఆదాయ పరిమితికి లోబడిన బీసీ, ఈబీసీ విద్యార్థులకు ఈఏపీసెట్ ర్యాంకు పదివేల లోపుంటే బీటెక్ ట్యూషన్ ఫీజు మొత్తం ప్రభుత్వమే చెల్లిస్తుంది. అది దాటితే రూ.35 వేల వరకే వస్తుంది. మిగతాది ఇంటివాళ్లు కట్టాలి. కాలేజీ ఎంచుకునే ముందు ఆ కాలేజీ ఫీజెంతో, అందులో చేతినుంచి పడేదెంతో చూసుకోవడం ర్యాంకు చూసుకున్నంత అవసరం. ఈ సాయం కౌన్సెలింగ్ ద్వారా నింపే కన్వీనర్ కోటాలో చేరినవారికే. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావి, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటావి.

ఎక్కడ చదివారన్నదీ లెక్కలోకే

ఒకే ర్యాంకు వచ్చిన ఇద్దరిలో ఒకరికి సీటొచ్చి, మరొకరికి రాకపోవడానికి స్థానికత పెద్ద కారణం. రాజ్యాంగంలోని 371డి అధికరణం, దాని కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులకు. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పరిధులే ఆ స్థానిక ప్రాంతాలు. తెలంగాణ అంతా ఉస్మానియా ప్రాంతం. రాయలసీమ నాలుగు పాత జిల్లాలు, నెల్లూరు కలిసి శ్రీవేంకటేశ్వర ప్రాంతం. శ్రీకాకుళం నుంచి ప్రకాశం వరకు ఆంధ్ర ప్రాంతం. మిగతా 15 శాతం సీట్ల విషయంలో తెలంగాణ 2025లో నిబంధనలు మార్చింది. రాష్ట్రంతో నిర్దిష్ట సంబంధం ఉన్నవారికే అవి దక్కేలా చేసింది.

స్థానికతను సొంతూరు నిర్ణయించదు, చదివిన ఊరు నిర్ణయిస్తుంది. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు వరుసగా ఏ ప్రాంతంలో చదివితే ఆ ప్రాంతానికే స్థానికులవుతారు. ఈఏపీసెట్ ప్రవేశాల్లో, అలా కుదరనప్పుడు ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారో చూస్తారు. ఖమ్మం అమ్మాయిని ఇంటర్ రెండేళ్లకే విజయవాడ పంపితే ఆ ప్రవేశాల్లో ఆమె తెలంగాణ స్థానికతకు ఢోకా లేదు. ఎనిమిదో తరగతి కాగానే ‘ఫౌండేషన్ కోర్సు’ అని పంపేస్తే మాత్రం నాలుగేళ్ల తర్వాత ఆమె ఆంధ్ర ప్రాంతంలో స్థానికురాలు, సొంత రాష్ట్రంలో స్థానికేతరురాలు. హాస్టల్లో చేర్చేటప్పుడు ఈ మాట ఏ కార్పొరేట్ కాలేజీ ప్రచారపత్రంలోనూ కనిపించదు. ఎనిమిదో తరగతి పిల్లలున్న ఇళ్లవాళ్లు ఇప్పుడే గుర్తుపెట్టుకోవాలి.

ఎన్ఐటీల్లోనూ సగం సీట్లు ఆ రాష్ట్ర విద్యార్థులకే. అక్కడ రాష్ట్రాన్ని నిర్ణయించేది పన్నెండో తరగతి పరీక్ష రాసిన చోటు.

కాగితం చేతిలో ఉంటేనే కోటా

రాష్ట్రాల కౌన్సెలింగ్‌లో బీసీలకు 29 శాతం: బీసీ-ఎకు 7, బికి 10, సికి 1, డికి 7, ఇకి 4. ఎస్సీలకు 15 శాతం. ఎస్టీలకు ఆంధ్రప్రదేశ్‌లో 6 శాతం, తెలంగాణలో 10 శాతం. ఆర్థికంగా వెనకబడిన అగ్రవర్ణాలకు ఈడబ్ల్యూఎస్ కింద 10 శాతం. ప్రతి కేటగిరీలోనూ మూడో వంతు సీట్లు అమ్మాయిలవి. 2025లో రెండు రాష్ట్రాలూ ఎస్సీ వర్గీకరణను అమల్లోకి తెచ్చాయి కాబట్టి ఎస్సీ విద్యార్థులు తమ ఉపకులం ఏ గ్రూపులోకి వస్తుందో తెలుసుకోవాలి.

కేంద్ర సంస్థలకు వెళ్లేసరికి లెక్క మారుతుంది. అక్కడ ఓబీసీ నాన్-క్రీమీలేయర్ 27 శాతం. రాష్ట్ర బీసీ జాబితాలోని కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండవు. ముందు అది సరిచూసుకోవాలి. సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ నమూనాలో, ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నదై ఉండాలి. ఈడబ్ల్యూఎస్‌కూ అదే తేదీ. నిరుటి కాగితం చెల్లదు. జూన్‌లో ఫలితాలొచ్చాక తహసీల్దార్ కార్యాలయం ముందు వరుస కట్టేవాళ్లు ఏప్రిల్ మొదటి వారంలోనే మీసేవలోనో, సచివాలయంలోనో దరఖాస్తు పెట్టుకుంటే గండం గడిచినట్టే.

ఆప్షన్ల వరుస ఇష్టాన్ని బట్టి

వెబ్ ఆప్షన్లలో తరచూ జరిగే తప్పు ‘నా ర్యాంకుకు వచ్చేది ముందు పెడదాం’ అనుకోవడం. కంప్యూటర్ విద్యార్థి జాబితాను పైనుంచి కిందికి చూస్తుంది. ఆ ర్యాంకుకు ఖాళీ ఉన్న మొదటి సీటును ఇచ్చి అక్కడితో ఆగిపోతుంది. తేలిగ్గా వచ్చే కాలేజీని మొదట పెడితే దానికంటే మంచిది ఖాళీగా ఉన్నా దాన్ని చూడనే చూడదు. కాబట్టి ఎక్కువ ఇష్టమైనది పైన, తక్కువ ఇష్టమైనది కింద పెట్టాలి. పెద్ద కాలేజీని పైన పెట్టినందుకు కిందివాటిలో అవకాశం రవ్వంత కూడా తగ్గదు. చేరే ఉద్దేశం లేని కాలేజీని మాత్రం జాబితాలో పెట్టకూడదు. రెండో విడతలో కొత్త సీటు వస్తే మొదటి సీటు దానంతటదే రద్దవుతుంది. అది మరొకరికి వెళ్లాక తిరిగి రాదు.

ఇంజినీరింగ్, మెడిసిన్ దాటి

తెలుగు ఇళ్లలో ప్రవేశాల చర్చ రెండు పరీక్షల చుట్టూనే తిరుగుతుంది. వాటి బయట ఉన్న దారులు చాలామంది చెవిన కూడా పడవు.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఇంటర్ తర్వాత నేరుగా చేరే అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులు నడుపుతోంది. ప్రవేశం సీయూఈటీ ద్వారా. 2022లో మొదలైన ఈ పరీక్షను తెలుగులోనూ రాయొచ్చు. దీనికి ముందు ఢిల్లీ విశ్వవిద్యాలయం బోర్డు మార్కులతోనే సీట్లిచ్చేది. 2021లో కొన్ని కాలేజీలు కొన్ని కోర్సులకు వందకు వంద శాతం కటాఫ్ పెట్టాయి. ఇప్పుడు బోర్డు మార్కులు అర్హతకే పరిమితం. పల్లెటూరి జూనియర్ కాలేజీలో 88 శాతం తెచ్చుకున్న అమ్మాయికి ఢిల్లీ ఇప్పుడు 2021 నాటికన్నా దగ్గరైంది.

సైన్స్ పరిశోధన మీద ఆసక్తి ఉన్నవారికి తిరుపతిలో ఐసర్ ఉంది. దానికి ఐఏటీ అన్న సొంత పరీక్ష రాయాలి. వ్యవసాయ డిగ్రీకి ఈఏపీసెట్ బైపీసీ ర్యాంకే ఆధారం. రైతు కుటుంబాల పిల్లలకు అందులో ప్రత్యేక కోటా ఉంది. 2008లో ఏర్పడిన ఆర్జీయూకేటీ ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులో చేర్చుకుంటారు. హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు 4 శాతం అదనపు స్కోరు కలుపుతారు. పేద ఇంటి బిడ్డ, సౌకర్యాలున్న ఇంటి బిడ్డ ఒకే గీత దగ్గర బయల్దేరలేదని ఒప్పుకున్న నిబంధన అది.

మామూలు డిగ్రీ కోర్సులకు తెలంగాణలో 2016 నుంచి ‘దోస్త్’, ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ అడ్మిషన్ల విధానం నడుస్తున్నాయి. రెండింటికీ ఇంటర్ మార్కులే కొలమానం. ఎంట్రన్స్ లేదు కదా అని చులకన చేయకూడదు. పేరున్న ప్రభుత్వ, స్వయంప్రతిపత్తి కాలేజీల్లో బీకాం, బీఎస్సీ సీట్లకు గట్టి పోటీ ఉంది.

ఓటీపీ అడిగినవాళ్లను నమ్మొద్దు

నిబంధనలు తెలియనిచోట మధ్యవర్తి పుడతాడు. ‘మీ ర్యాంకుకు ఈ కాలేజీయే వస్తుంది, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్పండి, మేమే ఆప్షన్లు పెడతాం’ అని ఊళ్లకు వచ్చేవాళ్లున్నారు. ఆ ఓటీపీతో జాబితాలో ఒకే ఒక్క కాలేజీ పెట్టి తాళం వేస్తారు. ఆప్షన్లు పెట్టుకునే హక్కు విద్యార్థిది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని అధికారులు ఏటా హెచ్చరిస్తున్నారు. ‘ముందే సీటు బ్లాక్ చేస్తాం, ఒరిజినల్స్ ఇచ్చి వెళ్లండి’ అనే కాలేజీలకూ తలవంచక్కర్లేదు. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది. సందేహముంటే ప్రభుత్వ హెల్ప్‌లైన్ కేంద్రాలున్నాయి. అక్కడ సలహాకు డబ్బు అడగరు.

అయినా భారమంతా కుటుంబాల మీదే వేయడం న్యాయం కాదు. నోటిఫికేషన్లు ఇంగ్లిష్‌లో పదుల పేజీలు ఉంటాయి. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కుతున్న పిల్లవాడికి, వాడి తల్లిదండ్రులకు అవి చదివి చెప్పేవాళ్లు లేరు. నగరంలో చదువుకున్న తల్లిదండ్రుల పిల్లలకు ఈ సమాచారం భోజనాల దగ్గరే అందుతుంది. ఊరి పిల్లలకు డబ్బు పెట్టి కొనుక్కోవాల్సి వస్తోంది. ఒకే ర్యాంకు వచ్చిన ఇద్దరిని ఇలా రెండు చోట్లకు పంపే పద్ధతి మారాలి.

రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లూ హాల్‌టికెట్‌తో పాటే అర్హతలు, వెయిటేజీ, స్థానికత, సర్టిఫికెట్ల వివరాలతో సరళమైన తెలుగులో నాలుగు పేజీల కరదీపిక ఇవ్వాలి. ప్రతి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఒక అధ్యాపకుడికి ఈ బాధ్యత అప్పగించి, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా విద్యార్థులకు అందుబాటులో ఉంచాలి. ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఈ వారంలోనే మీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని వాళ్లు రాయబోయే పరీక్ష నోటిఫికేషన్‌లో అర్హతల పేజీ తెరవండి. శాతాలు, తేదీలు, సర్టిఫికెట్లు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. నిబంధనలు ఏటా మారతాయి కాబట్టి నిరుటివాళ్ల మాట మీద ఆధారపడకుండా ఈ ఏటి నోటిఫికేషన్‌నే ప్రమాణంగా తీసుకోండి. ర్యాంకు తేవడం పిల్లల పని. ఆ ర్యాంకుకు రావాల్సిన సీటు చేజారకుండా చూడటం మన పని.